అల్కాల్డే నుంచి అమెరికా సుప్రీం కోర్టు దాకా: స్టీఫెన్ ఫీల్డ్ ఎక్కిన మెట్లు

#1 చిత్తుప్రతి

స్టీఫెన్ ఫీల్డ్ అనగానే అమెరికా రాజ్యాంగ చరిత్ర చదివినవాళ్లకు 1873 స్లాటర్‌హౌస్ కేసులో (కబేళా వ్యాపారాన్ని ఒకే కంపెనీకి కట్టబెట్టిన రాష్ట్ర చట్టం మీద వచ్చిన కేసు) రాసిన అసమ్మతి తీర్పు గుర్తొస్తుంది. దానికి ముందు సంగతులు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ చర్చ.

తేదీలు ముందు పెడుతున్నాను. 1849 డిసెంబరు 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగాడు. 1850 జనవరి 18న కాలిఫోర్నియాలోని మేరీస్‌విల్ అనే ఊరికి అల్కాల్డే (మెక్సికో కాలం నాటి ఊరి అధికారి) అయ్యాడు. 1851లో కాలిఫోర్నియా అసెంబ్లీ, 1857 అక్టోబరులో రాష్ట్ర సుప్రీం కోర్టు, 1859లో అక్కడే చీఫ్ జస్టిస్. 1863 మార్చి 10న వాషింగ్టన్ సుప్రీం కోర్టు పదవికి సెనేట్ ఆమోదం. ఓడ దిగిన రోజు నుంచి లెక్కేస్తే పదమూడేళ్ల మూడు నెలలు నిండలేదు.

బంగారం కోసం జనం ఎగబడ్డ ఆ రెండేళ్లలో వకీళ్లు కూడా కుప్పలుగా వెళ్లారు. మరి ఇతన్ని పైకి తెచ్చింది ఏది? న్యూయార్క్‌లో పెద్ద లాయరైన అన్న డేవిడ్ డడ్లీ ఫీల్డ్ పేరా, పార్టీయా, పనితనమా? ఎవరికి ఏ దశ బాగా తెలిస్తే అది రాయండి. మహానుభావుడు, దుర్మార్గుడు లాంటి ఒక్క ముక్క జవాబులు వద్దు.

#2 మునసబు_లెక్కలు

అల్కాల్డే పదవి దగ్గర కాసేపు ఆగాలి. మెక్సికో పాలన నుంచి మిగిలిపోయిన పదవి అది. మన పాత మునసబు, కరణం, సబ్‌రిజిస్ట్రారు, మేజిస్ట్రేటు నలుగురినీ ఒకే కుర్చీలో కూర్చోబెడితే కాస్త దగ్గరగా వస్తుంది. 1849 నవంబరులో కాలిఫోర్నియా ప్రజలు రాజ్యాంగాన్ని ఆమోదించారు గానీ కొత్త కోర్టులు కుదురుకునేసరికి 1850 వేసవి వచ్చింది. ఆ సందులో ఊళ్లను నడిపింది అల్కాల్డేలే.

ఫీల్డ్ ఆ ఊరు చేరేసరికి దానికి సరైన పేరు కూడా లేదు. యూబా, ఫెదర్ నదులు కలిసే చోట గుడారాలు, ఒక మట్టిగోడల ఇల్లు, గనులకు సామాను మోసే పడవలు, అంతే. చార్లెస్ కొవియో, అతని భాగస్వాములు కాగితం మీద ప్లాటు ఒక్కోటి 250 డాలర్లకు అమ్ముతున్నారు. ఫీల్డ్ 65 ప్లాట్లకు పేరు రాశాడు, అంటే 16,250 డాలర్లు. చేతిలో ఉన్నది చాలా తక్కువ. పేరు రాసినంత మాత్రాన కొని తీరాలనేమీ లేదు కాబట్టి రాశాడు. కాగితం మీద అంకె చూసి ఎవరో పెద్ద షావుకారు దిగాడని ఊరంతా చెప్పుకున్నారు.

అసలు మలుపు ఆ తర్వాతిది. ఆ నేల జాన్ సట్టర్‌కు మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటులోది. యజమానులకు సట్టర్ నుంచి గట్టి దస్తావేజు కావాలి. దాన్ని రాయగలిగినవాడు, రాశాక సంతకాలు ధ్రువీకరించే అధికారి ఊళ్లో ఉండాలి. ఫీల్డ్ రాశాడు. వెంటనే అల్కాల్డే ఎన్నిక పెట్టారు. ప్రత్యర్థి వర్గం లేవదీసిన అభ్యంతరం ఏమిటంటే ఫీల్డ్ ఊరికి కొత్తవాడని. ఇతను వచ్చి మూడు రోజులు, పోటీదారు వచ్చి ఆరు రోజులు! తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. ఊరికి మేరీస్‌విల్ అని పేరు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. మేరీ అంటే కొవియో భార్య మేరీ మర్ఫీ, సియెర్రా మంచులో చిక్కుకుని బతికి బయటపడ్డ డానర్ బృందంలో ఒకరు.

పని ఎలా నడిచిందో కొంచెం చెప్తాను. గుర్రం నాదంటే నాదని ఇద్దరు రోడ్డు మీద అడ్డం తగిలితే అక్కడికక్కడే ప్రమాణం చేయించి, ఇద్దరి మాటా విని తేల్చేశాడు. ఫీజు ఒక ఔన్సు బంగారం, అంటే ఆ కాలం మారకంలో 16 డాలర్లు. దొంగతనం కేసుల్లో కొరడా దెబ్బలు వేయించాడు. కారణం సూటిగా ఉంది. జైలు లేదు, కాపలాకు మనుషులు లేరు, శాన్‌ఫ్రాన్సిస్కో పంపాలంటే ఖర్చు భరించేవాడు లేడు. వదిలేస్తే గుంపు ఉరి తీస్తుంది. పడవలు సులువుగా ఒడ్డుకు చేరేలా యూబా గట్టును ఏటవాలుగా చదును చేయించాడు. ఇంత అధికారం అతనికి ఏ చట్టం ఇచ్చిందని అడిగితే జవాబు లేదు. ఊరు ఒప్పుకుంది, నడిచింది.

#3 ఎదురుప్రశ్న

పైన రాసినదాంట్లో చాలా భాగం ఫీల్డ్ 1877లో తానే చెప్పి రాయించుకున్న జ్ఞాపకాల్లోది. అప్పటికి పాతికేళ్లు దాటాయి, పైగా రాజకీయంగా పెద్ద పదవి మీద కన్నుంది. దస్తావేజు తేదీలు, కోర్టు రికార్డులు నమ్మొచ్చు. సంభాషణలు మాత్రం సగం ధరకే తీసుకోవాలి.

డబ్బు సంగతిలో మాత్రం ఆ జ్ఞాపకాలు ఉపయోగపడతాయి, ఎందుకంటే తన నష్టం గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం తక్కువ. ఓడ దిగినప్పుడు జేబులో 10 డాలర్లు. రెండు ట్రంకు పెట్టెలు మోయించడానికి 7. మర్నాడు పొద్దున టిఫినుకు 2. మిగిలింది ఒక్కటి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గది అద్దె వారానికి 35. ముగ్గురు పంచుకున్నారు, ఇతను నేల మీద పడుకున్నాడు. న్యూయార్క్ నుంచి తెచ్చిన 64 వార్తాపత్రికలు ప్రతి ఒక్కటి డాలరుకు అమ్మించి సగం వాటాగా 32 డాలర్లు సంపాదించాడు. డజను పది డాలర్లకు కొన్న షమ్వా తోళ్లు ఒక్కోటి ఔన్సు బంగారానికి పోయాయి. బంగారు పొడి జల్లెడ పట్టి సంచుల్లో పోసుకునేవాళ్లకు మెత్తని తోలు కావాలి కదా.

మేరీస్‌విల్ ప్లాట్లు అమ్మి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి చెక్క ఇళ్లు, జింకు రేకుల ఇళ్లు తెప్పించి అద్దెలకిచ్చి నెలల్లో బాగా గడించాడు. ఏడాది తిరిగేసరికి సుమారు 18,000 డాలర్ల అప్పులో ఉన్నాడు. కాబట్టి భూమి వ్యాపారంతో పైకొచ్చాడన్న మాట నిలవదు. వకీలు ఫీజులతోనే ఆ అప్పు తీరింది.

#4 వాయిదా_వకీలు

రెండో మెట్టు నా దృష్టిలో ఒక గొడవ. 1850 వేసవిలో కొత్త జిల్లా కోర్టు వచ్చింది, దానికి జడ్జిగా విలియం టర్నర్ వచ్చాడు. దాంతో అల్కాల్డే పని ముగిసి ఫీల్డ్ మామూలు వకీలయ్యాడు. జూన్ 7న ఒక కేసులో టర్నర్ ఇచ్చిన ఉత్తర్వు మీద అభ్యంతరం చెప్పడానికి చట్టం పుస్తకం తెరిచాడు. కూర్చోమన్నాడు జడ్జి. ఫీల్డ్ చెప్పుకున్న ప్రకారం 200 డాలర్ల జరిమానాతో మొదలై మాటకు మాట పెరిగి 500 డాలర్లు, 48 గంటల ఖైదు దగ్గర ఆగింది. ఎదురుప్రశ్న గారి హెచ్చరిక ఇక్కడ వర్తిస్తుంది, కానీ చివరి అంకెలు రికార్డులో ఉన్నాయి.

తర్వాత ఏం జరిగిందో వరసగా చూస్తే ప్రొసీజర్ పాఠంలా ఉంటుంది. కౌంటీ జడ్జి హాన్ హెబియస్ కార్పస్ మీద ఫీల్డ్‌ని విడుదల చేశాడు. టర్నర్ ఊరుకోక ఆ కౌంటీ జడ్జికే జరిమానా వేశాడు. మూడు రోజులకు ఫీల్డ్‌తో పాటు మల్ఫర్డ్, గుడ్విన్ అనే మరో ఇద్దరి సన్నదు (వకీలు లైసెన్సు) కొట్టేశాడు. నోటీసు లేదు, ఆరోపణ పత్రం లేదు, వాదన విన్నది లేదు. ఫీల్డ్ రాష్ట్ర సుప్రీం కోర్టుకు వెళ్లాడు. వకీలు పేరు తీసేయడానికి ముందు నోటీసు ఇచ్చి అతని మాట వినాలని కోర్టు తేల్చింది, మళ్లీ చేర్చుకోమని మాండమస్ ఇచ్చింది. జరిమానా ఉత్తర్వు కూడా పోయింది. టర్నర్ మరోసారి కొట్టేస్తే మరోసారి పైకోర్టు నుంచి తెచ్చుకున్నాడు. కాలిఫోర్నియా తీర్పుల సంపుటాల్లో మొట్టమొదటి దానిలోనే ఈ గొడవ నాలుగు చోట్ల ఉంది.

ఈ రోజుల్లోనే కోటు జేబులో పిస్తోలు పెట్టుకుని, బయటికి తీయకుండా జేబులోంచే కాల్చడం సాధన చేశాడు. వినడానికి సినిమాలా ఉంటుంది గానీ టర్నర్ వర్గం బెదిరింపులు పత్రికల్లోనే అచ్చయ్యేవి.

ఒక విచిత్రం. 1872లో బ్రాడ్లీ, ఫిషర్ కేసు వాషింగ్టన్ సుప్రీం కోర్టుకు వచ్చింది. సన్నదు పోగొట్టుకున్న వకీలు జడ్జి మీద నష్టపరిహారం దావా వేశాడు. నోటీసు ఇవ్వకుండా కొట్టేయడం పొరపాటే, అయినా తన పరిధిలో చేసిన పనికి జడ్జి మీద దావా చెల్లదు అని తీర్పు వచ్చింది. రాసింది ఎవరు? ఫీల్డే. పొరపాటును పైకోర్టు దిద్దాలి, జడ్జి ఆస్తి జప్తు చేసి కాదు అన్న గీత అక్కడ గీశాడు. తను టర్నర్ మీద నడిచిన దారి కూడా అదే.

#5 ఔన్సు_16

ఎవరూ ఇంకా అసలు ముక్కకు రాలేదు. 1851 సివిల్ ప్రాక్టీస్ చట్టం, సెక్షన్ 621.

1851 జనవరిలో శాన్ హోసేలో కూర్చున్న అసెంబ్లీలో ఫీల్డ్ యూబా కౌంటీ సభ్యుడు. న్యాయవ్యవస్థ కమిటీలో పని చేశాడు. న్యూయార్క్ కోసం 1848లో అన్న తయారుచేసిన ప్రొసీజర్ కోడ్ తీసుకుని 300కు పైగా సెక్షన్లు మార్చి, 100కు పైగా కొత్తవి కలిపాడు. అప్పు కింద జప్తు చేయకూడని వస్తువుల పట్టీ చూస్తే అక్కడి జనం ఎవరో తెలిసిపోతుంది: రైతు నాగలి, ఎడ్లు, వడ్రంగి పనిముట్లు, డాక్టరు పరికరాలు, వకీలు పుస్తకాలు, గనివాడి గుడిసె, అతని పనిముట్లు. పనిముట్టు జప్తు చేస్తే అప్పు తీర్చేవాడి చేతులు విరిచినట్టే కదా.

ఇక 621. గని క్లెయిముల (తవ్వుకోవడానికి పట్టుకున్న జాగాల) దావాల్లో ఆ ఇసుకతిన్నె మీద, ఆ తవ్వకం చోట అమల్లో ఉన్న ఆచారాలు, వాడుకలు, నియమాలు సాక్ష్యంగా తీసుకోవాలి, రాష్ట్ర చట్టానికి విరుద్ధం కాకపోతే తీర్పు వాటి ప్రకారమే ఇవ్వాలి. అంతే, ఒక్క వాక్యం.

దీని అవసరం ఎందుకంటే, ఆ నేల దాదాపు అంతా ఫెడరల్ ప్రభుత్వానిది. తవ్వుకునే హక్కు ఇచ్చే ఫెడరల్ చట్టం 1866 దాకా లేదు. అంటే కాగితం ప్రకారం ప్రతి గనివాడూ ఆక్రమణదారే. అందుకని కోర్టు యజమాని ఎవరు అని అడగలేదు. ఈ ఇద్దరిలో ముందు పట్టుకుని నియమం ప్రకారం నిలబెట్టుకున్నది ఎవరు అని మాత్రమే అడిగింది.

నియమాలు ఎలా పుట్టేవంటే, ఒక వాగు వెంట ఉన్నవాళ్లు సమావేశం పెట్టి అధ్యక్షుణ్ణి, రికార్డరును ఎన్నుకుంటారు. తమ గని జిల్లా హద్దులు రాస్తారు. తర్వాత క్లెయిము కొలత. ఇసుకలో బంగారం బాగా పడేచోట పదడుగుల చదరం, పలచగా ఉన్నచోట వందడుగులు. ముందుగా కనిపెట్టినవాడికి కొంత ఎక్కువ. ఆక్రమించి ఒక్కటే పట్టుకోవచ్చు, కొనుక్కుంటే ఇంకొన్ని. మేకులు కొట్టాలి, నోటీసు అంటించాలి, ఇన్ని రోజుల్లో ఇంత పని చేయాలి, లేదంటే పోతుంది. కొన్నిచోట్ల గుంతలో పార, గునపం వదిలితే చాలు, మనిషి ఉన్నట్టే లెక్క.

కోర్టుకొచ్చాక వాది రికార్డరు పుస్తకం తెప్పించాలి. ఆ నియమం పుస్తకంలో ఉండటమే కాదు, నిజంగా పాటిస్తున్నారని సాక్షులతో చెప్పించాలి. తర్వాత తన మేకులు, నోటీసు, పని రోజులు. చాలా కేసులు ఓడేది రెండో దగ్గర. ఎప్పుడో రాసుకుని ఎవరూ పట్టించుకోని నియమం ఆచారం కాదు. ఇంకో చిక్కు, పక్కపక్క తిన్నెల్లో వేరు వేరు కొలతలుండి, మధ్యలో ఉన్న క్లెయిము ఏ జిల్లాదో తేలకపోవడం.

1866, 1872 ఫెడరల్ గని చట్టాలు ఈ స్థానిక నియమాలను గుర్తించి వాటి మీదే కట్టారు. 1872 చట్టంలో రాతిలోని ఖనిజపు చారకు 1,500 అడుగుల పొడవు, రెండు వైపులా 300 అడుగులు, ఏటా 100 డాలర్ల పని అని పెట్టారు. అది ఇప్పటికీ అమెరికాలో అమల్లో ఉన్న చట్టం.

#6 ఎదురుప్రశ్న

ఔన్సు గారూ, ఒకటి చేర్చండి. ఆ సమావేశాల్లో ఓటు ఎవరికి? 1850లో విదేశీ గనివాళ్ల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేశారు. 1851లో తీసేసి, 1852లో మళ్లీ 3 డాలర్లతో తెచ్చారు. చాలా జిల్లాల్లో చైనీయులకు క్లెయిము హక్కే లేదని నియమం రాసుకున్నారు. ఆచారమే చట్టం అన్నప్పుడు ఆ ఆచారం రాసిన చేతులెవరివో కూడా చట్టంలోకి వస్తాయి.

#7 ఔన్సు_16

ఒప్పుకుంటాను. చట్టానికి విరుద్ధం కాకపోతే అన్న షరతు ఈ విషయంలో ఎవరినీ కాపాడలేదు.

#8 చిత్తుప్రతి

టర్నర్‌ని అదే సభలో జిల్లా మార్చి పంపేశాడని చదివాను. అది పగ తీర్చుకోవడమే కదా?

#9 వాయిదా_వకీలు

అవును, దాచడానికేం లేదు. కోర్టుల పునర్వ్యవస్థీకరణ బిల్లులో టర్నర్ జిల్లాను ఉత్తరాన ట్రినిటీ, క్లమత్ కౌంటీలకు జరిపాడు. జనం పలచగా ఉన్న కొండ ప్రాంతం. దానికి తోడు అభిశంసన పెట్టించాడు. దాన్ని సభ నిరవధికంగా వాయిదా వేసింది, జిల్లా ఎలాగూ మారిందిగా అని సభ్యులు సర్దుకున్నారు. వకీళ్ల సన్నదు తీసేయాలంటే ఆరోపణ, విచారణ ఉండాలన్న బిల్లు కూడా ఇతనిదే. పగ, సంస్కరణ రెండూ ఒకే కలం నుంచి వచ్చాయి. ఇతని కెరీర్‌లో ఇది చివరిసారి కూడా కాదు.

ఆ చర్చలోనే మూర్ అనే సభ్యుడు డెస్కు మీద పిస్తోళ్లు పెట్టి ఫీల్డ్‌ని తిట్టిపోశాడు. ఫీల్డ్ తరఫున సవాలు తీసుకెళ్లడానికి ముందుకొచ్చినవాడు రాష్ట్ర సెనేట్ సభ్యుడు డేవిడ్ బ్రాడరిక్. చివరికి మూర్ క్షమాపణ చెప్పాడు. బ్రాడరిక్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

#10 నాలుగుహద్దులు

రాష్ట్ర సుప్రీం కోర్టు కాలం, 1857 నుంచి 1863 వరకు, పట్టాల కాలం. మెక్సికో గవర్నర్లు ఇచ్చిన గ్రాంటులున్నవాళ్లు 1851 చట్టం ప్రకారం కమిషన్ ముందు రుజువు చేసుకోవాలి. 800కు పైగా క్లెయిములు పడ్డాయి. గ్రాంటుల్లో హద్దులు ఆ ఏరు నుంచి ఈ కొండ దాకా అన్నట్టు ఉండేవి. సర్వే, అప్పీలు, మళ్లీ సర్వే. ఈలోగా వచ్చినవాళ్లు వచ్చినట్టు దిగిపోయారు.

ముఖ్యమైన కేసు బిడిల్ బాగ్స్, మెర్సెడ్ మైనింగ్ కంపెనీ మధ్యది. జాన్ ఫ్రీమాంట్ 1847లో 3,000 డాలర్లకు కొన్న మరిపోసా గ్రాంటు పది లీగులు, సుమారు 44,000 ఎకరాలు. హద్దులు స్థిరంగా లేని గ్రాంటు కావడంతో సర్వేలో దాన్ని గనుల మీదికి జరిపారు. 1856లో పట్టా వచ్చింది. అప్పటికే కంపెనీ అక్కడ తవ్వుతోంది. ప్రభుత్వం ఇన్నేళ్లు ఏమీ అనలేదు కాబట్టి మాకు అనుమతి ఉన్నట్టే అని కంపెనీ వాదన. మొదటి తీర్పు కంపెనీకి అనుకూలం. మళ్లీ వాదనలు విని 1859లో ఫీల్డ్ దాన్ని తిరగరాశాడు: మౌనం అనుమతి కాదు, ప్రైవేటు భూమిలోకి చొరబడి తవ్వే హక్కు ఎవరికీ లేదు. 1861 మూర్, స్మా కేసులో ఇంకో అడుగు: పట్టా భూమిలోని బంగారం రాష్ట్రానిది కాదు, పట్టాదారుదే. బంగారం రాష్ట్రానిదన్న 1853 నాటి హిక్స్, బెల్ తీర్పు దీనితో పోయింది.

ఇక్కడ ఔన్సు గారి 621తో పోల్చి చూడండి. ప్రభుత్వ నేల మీద ఆచారం రాజు, పట్టా నేల మీద పట్టా రాజు. రెండూ ఒకే మనిషివి. కొందరు దీన్ని పెద్దల పక్షపాతం అంటారు. నాకైతే మేరీస్‌విల్ దస్తావేజు రాసిన చెయ్యే కనిపిస్తుంది: ఏ రికార్డు ఉందో అది నిలబడాలి, లేనిచోట రికార్డు పుట్టించాలి.

పట్టా కేసులు ఎంత వేడిగా ఉండేవో ఒక పొట్లం చెప్తుంది. 1864 అక్టోబరు 31న, అప్పటికి ఫెడరల్ జడ్జిగా, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి పాత పుయెబ్లో (మెక్సికో కాలపు పట్టణం) హక్కుగా నాలుగు చదరపు లీగుల భూమి వస్తుందని తీర్పిచ్చాడు. 1866 జనవరిలో వాషింగ్టన్‌లో అతని పేర చిన్న పెట్టె వచ్చింది. మూత కొద్దిగా జరిపాడు, లోపల నల్లగా ఏదో కనిపించింది. పక్కనున్న లేక్ అనే మిత్రుడు వద్దని ఆపాడు. నీళ్లలో నానబెట్టి తెరిస్తే, మధ్యలో అగ్గిపుల్లల కట్ట, దానికి అటు ఆరు, ఇటు ఆరు రాగి పిస్తోలు తూటాలు. మూత లాగితే పుల్లలు రాసుకునే ఏర్పాటు. మూత లోపలి వైపు అతికించిన పత్రిక ముక్క ఆ పుయెబ్లో తీర్పు వార్తే.

#11 ఎదురుప్రశ్న

పెద్దల పక్షమా కాదా అన్న ప్రశ్నకు ఇంకో కేసు. 1858లో ఆదివారం కొట్లు మూయాలన్న చట్టం కింద న్యూమన్ అనే శాక్రమెంటో యూదు వర్తకుణ్ణి జైల్లో పెట్టారు. రాష్ట్ర సుప్రీం కోర్టు జడ్జీలు టెర్రీ, బర్నెట్ ఆ చట్టాన్ని కొట్టేశారు. ఫీల్డ్ ఒక్కడే విభేదించాడు: పనివాళ్లకు ఒక రోజు విశ్రాంతి ఇప్పించడం శాసనసభ పని, కోర్టు వేలు పెట్టకూడదు. 1861లో కోర్టు అతని వైపే మారింది. తర్వాత రోజుల్లో వ్యాపార స్వేచ్ఛ పేరుతో రాష్ట్రాల నియంత్రణను అడ్డుకున్న ఫీల్డ్, ఈ ఫీల్డ్ ఒక్కరేనా అనిపిస్తుంది. అతన్ని ఒకే సిద్ధాంతం మనిషిగా చూసేవాళ్లు ఈ తీర్పును సాధారణంగా దాటేస్తారు.

#12 మునసబు_లెక్కలు

1863 నియామకం. అన్న రిపబ్లికన్ పెద్ద, లింకన్‌కు కావలసినవాడు, నిజమే. అది లేకుండా జరిగేదని నేను అనను. కానీ సీటు ఎందుకు పుట్టిందో చూడాలి. 1863 మార్చి 3 చట్టం పదో సీటు, పదో సర్క్యూట్ సృష్టించింది, కాలిఫోర్నియా, ఆరెగాన్ కలిపి. జడ్జీలు తమ సర్క్యూట్‌కు వెళ్లి కేసులు వినాలి. పసిఫిక్ తీరానికి పనామా మీదుగా ఓడ ప్రయాణం. అక్కడి నుంచి వస్తున్న భూమి కేసులు మెక్సికో చట్టం, గని ఆచారం తెలియనివాళ్లకు మింగుడుపడేవి కావు. ఆ పని రోజూ చేస్తున్న చీఫ్ జస్టిస్ ఒకడున్నాడు. డెమొక్రాట్, కానీ అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) పక్షం. రిపబ్లికన్ గవర్నరు లీలండ్ స్టాన్‌ఫర్డ్ కూడా బలపరిచాడు.

మరో కోణం యుద్ధం. ఇతన్ని సెనేట్ ఆమోదించిన మార్చి 10నే, దక్షిణాది రేవులను దిగ్బంధించి ఓడలు పట్టుకోవడం చెల్లుతుందా అన్న కేసులో లింకన్ 5-4తో గట్టెక్కాడు. ఒక్క ఓటు అటైతే చాలు. నమ్మకమైన పదో ఓటు లింకన్‌కు చేదా?

#13 సెక్షన్_27

అన్న పేరు వచ్చింది కాబట్టి మన వైపు సంబంధం ఒకటి. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ 1865లో న్యూయార్క్ కోసం సివిల్ కోడ్ ముసాయిదా పూర్తి చేశాడు. న్యూయార్క్ దాన్ని ఎప్పటికీ ఆమోదించలేదు. తమ్ముడి 1851 చట్టంతో కోడ్‌లకు అలవాటు పడ్డ కాలిఫోర్నియా 1872లో దాన్ని తీసుకుంది. వృత్తి, వ్యాపారం చేసుకోనివ్వకుండా కట్టిపడేసే ఒప్పందం చెల్లదన్న సెక్షన్ అందులోదే. ఇప్పుడది వ్యాపార వృత్తుల కోడ్‌లో 16600. అదే ఏడాది వచ్చిన భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కూడా అదే ముసాయిదా నుంచి తెచ్చుకున్నది. మన సుప్రీం కోర్టు 1980లో మురగాయి కేసులో ఈ సంగతి రాసింది.

అంటే ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న క్లాజు హైదరాబాద్‌లోనూ, శాన్ హోసేలోనూ నిలవకపోవడానికి మూలం ఒకే కాగితం. రెండు ఊళ్ల మధ్య తిరిగే మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఎంతమందికి తెలుసో!

#14 ఎదురుప్రశ్న

రాజకీయ ఆశ సంగతి. 1876లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒక ఆర్డినెన్స్ చేసింది, జైలుకొచ్చిన ప్రతివాడి జుట్టు అంగుళానికి కత్తిరించాలని. ఒక్కో మనిషికి 500 ఘనపుటడుగుల గాలి ఉండాలన్న ఇంకో చట్టం కింద చైనీయులను పట్టుకుంటే, వాళ్లు 10 డాలర్ల జరిమానా కట్టకుండా అయిదు రోజులు జైల్లో కూర్చునేవారు. జైళ్లు నిండాయి. వాళ్లకు పరువైన జడ కత్తిరిస్తామంటే జరిమానా కడతారని ఎత్తు. హో ఆ కౌ అనే అతను షెరీఫ్ నునన్ మీద దావా వేస్తే, 1879లో ఫీల్డ్ ఆ ఆర్డినెన్స్ కొట్టేశాడు. అందరి జుట్టు అని రాసినా గురి ఎవరి మీదో జడ్జిలుగా మాకు కనిపిస్తుంది, మనుషులుగా మాకు తెలిసింది జడ్జిలుగా తెలియనట్టు నటించలేం అన్న వాదన అందులోది.

1880లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడ్డాడు. మొదటి రౌండ్లో 65 ఓట్లు. సొంత రాష్ట్రమే చెయ్యిచ్చింది, ఈ తీర్పు ఒక కారణం. 1889లో చైనీయుల ప్రవేశ నిషేధాన్ని సమర్థించిన ఏకగ్రీవ తీర్పు కూడా ఫీల్డే రాశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి, ఒకటి మాత్రమే ఉదహరించేవాళ్లను నమ్మకండి.

#15 వాయిదా_వకీలు

బ్రాడరిక్ దగ్గరికి వస్తున్నాను. 1859 సెప్టెంబరు 13న చీఫ్ జస్టిస్ డేవిడ్ టెర్రీ పదవి వదిలి, సెనేటర్ బ్రాడరిక్‌తో ద్వంద్వ యుద్ధం చేశాడు. బ్రాడరిక్ మూడు రోజులకు చనిపోయాడు. టెర్రీ ఖాళీ చేసిన చీఫ్ జస్టిస్ కుర్చీ ఫీల్డ్‌కి వచ్చింది.

ముప్పై ఏళ్ల తర్వాత టెర్రీ భార్య సారా ఆల్థియా, కోటీశ్వరుడు షారన్‌కు తాను భార్యనని వేసిన కేసు ఫీల్డ్ ముందుకొచ్చింది. 1888 సెప్టెంబరు 3న వ్యతిరేకంగా తీర్పు చదువుతుంటే ఆమె లేచి అరిచింది. బయటికి పంపమన్నాడు. టెర్రీ అడ్డొచ్చిన కోర్టు అధికారి (మార్షల్) పన్ను ఊడగొట్టాడు, తర్వాత కత్తి తీశాడు. అతనికి ఆరు నెలలు, ఆమెకు నెల రోజులు.

బెదిరింపులు ఆగకపోవడంతో అటార్నీ జనరల్ ఉత్తర్వు మీద డేవిడ్ నీగల్‌ని కాపలా పెట్టారు. 1889 ఆగస్టు 14న లాత్రప్ స్టేషన్ భోజనశాలలో ఫీల్డ్ టిఫిను తింటుంటే టెర్రీ వెనక నుంచి వచ్చి రెండు దెబ్బలు కొట్టాడు. నీగల్ ఆగమని అరిచి రెండు గుండ్లు పేల్చాడు. టెర్రీ దగ్గర ఆయుధం దొరకలేదు.

చట్టపరంగా చిక్కు ఇది. నీగల్‌ని రాష్ట్రం హత్యానేరం కింద పట్టుకుంది. ఫెడరల్ కోర్టు విడిపించాలంటే అతను ఫెడరల్ చట్టం ప్రకారం చేసిన పనికి జైల్లో ఉన్నట్టు తేలాలి. జడ్జికి కాపలా పెట్టవచ్చని ఏ చట్టంలోనూ లేదు. 1890లో సుప్రీం కోర్టు 6-2తో, చట్టం అంటే కాంగ్రెస్ రాసిన వాక్యం ఒక్కటే కాదు, అధ్యక్షుడి బాధ్యత నుంచి వచ్చే అధికారం కూడా అని తేల్చింది. ఫీల్డ్ ఆ కేసులో కూర్చోలేదు. కూర్చున్నా లేకున్నా, శాసనంలో లేని అధికారం అవసరం నుంచి పుడుతుందన్న మాట మేరీస్‌విల్ అల్కాల్డేకి కొత్తది కాదు.

#16 చిత్తుప్రతి

చాలా సమాచారం వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. అన్న పేరు మీదే నెట్టుకొచ్చాడన్న నా అనుమానం సగం కరిగింది. చివరి ప్రశ్న. అప్పటిదాకా అందరికన్నా ఎక్కువ కాలం సుప్రీం కోర్టులో ఉన్న చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ రికార్డు దాటాలని ఆరోగ్యం పోయినా 1897 దాకా పదవి పట్టుకు కూర్చున్నాడంటారు. నిజంగా దాటాడా?

#17 మునసబు_లెక్కలు

దాటాడు. తన లెక్క 34 ఏళ్ల 8 నెలల 20 రోజులు. 1863 మార్చి 10 నుంచి 1897 డిసెంబరు 1 వరకు. మార్షల్‌ది 34 ఏళ్ల 5 నెలలు.

#18 ఎదురుప్రశ్న

ప్రమాణం చేసింది మే 20న. కాలిఫోర్నియాలో వాదనలు పూర్తయిన కేసుల తీర్పులు రాయడానికి అప్పటిదాకా ఆగాడు. కాబట్టి మార్చి నుంచి లెక్కించడం కుదరదు.

#19 మునసబు_లెక్కలు

సరే, మే 20 నుంచే వేయండి. 34 ఏళ్ల 6 నెలల 11 రోజులు. అప్పటికీ మార్షల్ కన్నా నెల పైచిలుకు ఎక్కువే. 1970ల్లో విలియం డగ్లస్ వచ్చేదాకా ఆ అంకెను ఎవరూ దాటలేదు.

#20 నాలుగుహద్దులు

లెక్కలు తేలాయి కాబట్టి గట్టు సంగతి కూడా. అల్కాల్డేగా ఫీల్డ్ చదును చేయించిన ఆ యూబా రేవుకు ఇప్పుడు పడవలు రావు. ఎగువన గొట్టాలతో నీళ్లు కొట్టి కొండలు కరిగించిన గనుల మట్టితో నది అడుగు పైకి లేచింది. మేరీస్‌విల్ చుట్టూ కరకట్టలు కట్టాల్సి వచ్చింది. ఆ గనులను ఆపిన 1884 తీర్పు రాసింది సాయర్, ఫీల్డ్ సర్క్యూట్‌లో పక్కన కూర్చునే జడ్జి. దాని మీద విడిగా చర్చ పెడితే రాస్తాను.